నరసాపురం–సఖినేటిపల్లి పంటు: బండితో సహా గోదావరి దాటాలనుకునేవాళ్లకు

తిరుపతి నుంచి అంతర్వేదికి కారులో పోవాలనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా. చించినాడ వంతెన మీదుగా పోకండి. నరసాపురంలో మాధవాయిపాలెం రేవుకు పోయి, బండితో సహా పంటు ఎక్కి, సఖినేటిపల్లిలో దిగండి. దారి తగ్గుతుంది, డీజిల్ మిగులుతుంది. అంతకంటే పెద్ద లాభం గోదావరిని అంత దగ్గరగా, అంత తీరికగా చూడటం. వంతెన మీద పోతే ఆ నది మీకు అద్దంలోంచి ఒక నిమిషం కనిపించి పోతుంది.

నేను తిరుపతిలో టాక్సీ నడుపుతాను. సొంత బండి, ఎర్టిగా. కొండకు, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి తిప్పేదే ఎక్కువ. అప్పుడప్పుడు దూరం బాడుగలు కూడా తగుల్తాయి. కొర్లగుంటలో ఉండే ఒక కుటుంబానికి ఇంటి దేవుడు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి. వాళ్ల బాడుగ మీద పోయినప్పుడే ఈ పంటు పరిచయమైంది. అప్పటినుంచి అంతర్వేది బాడుగ ఎవరు చెప్పినా ఈ దారినే తీసుకుపోతున్నాను. కాబట్టి ఒక్కసారి చూసి మురిసిపోయి రాస్తున్నది అనుకోకండి. బండి నడిపేవాడి కంటితో, బండిలో ముసలివాళ్లను, పిల్లలను కూర్చోబెట్టుకున్నవాడి జాగ్రత్తతో రాస్తున్నాను.

పంటు అంటే ఏమిటో మన వైపు చాలామందికి తెలియదు. నీటి మీద తేలే పెద్ద ఇనుప తెప్ప. పైన అంతా చదునుగా రేకు పరిచి ఉంటుంది, చుట్టూ కడ్డీలు, కిందుగా డీజిల్ ఇంజను, పంటు నడిపే సరంగు నిలబడటానికి చిన్న గది. గట్టు మీదికి ఒక ఇనుప పలక దించుతారు. మనుషులు, సైకిళ్లు, బైకులు, ఆటోలు, కార్లు, సరుకు బండ్లు అన్నీ ఆ పలక మీదుగానే ఎక్కాలి, దిగాలి. అడుగు లోతుగా ఉండదు కాబట్టి నీళ్లు తక్కువున్న చోట కూడా తేలుతుంది. ఈ నదిలో ఇసుక మేటలు ఎక్కువ. లోతైన అడుగున్న పడవ అయితే ఎక్కడో ఒకచోట కూర్చుండిపోతుంది.

అక్కడ ఇది ఎందుకు నడుస్తున్నదో తెలియాలంటే కోనసీమను మ్యాపులో చూడాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ ఇంకో పాయగా విడిపోతుంది. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వసిష్ఠ, కింద సముద్రం. వీటి మధ్య ఉన్న నేలంతా కోనసీమ. ఏ పక్కనుంచి పోయినా నీళ్లు దాటనిదే ఆ నేల మీద కాలు పెట్టలేం. ఇప్పుడు వంతెనలున్నాయి గానీ అవి మరీ పాతవేమీ కావు. యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద, లోక్‌సభ స్పీకర్‌గా చేసిన బాలయోగి గారి పేరు పెట్టిన వంతెన 2002లో తెరిచారు. అంతకు ముందు ఆ వైపు జనానికి కూడా రేవులే దిక్కు. నరసాపురం వసిష్ఠకు పడమటి గట్టున, పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. సఖినేటిపల్లి తూర్పు గట్టున, కోనసీమ జిల్లాలో ఉంది. మన తిరుపతి జిల్లా, కోనసీమ జిల్లా ఒకే రోజున, 2022 ఏప్రిల్ 4న పుట్టాయి.

తిరుపతి నుంచి నరసాపురానికి ఐదువందల కిలోమీటర్లకు దగ్గర దగ్గర ఉంటుంది. నాయుడుపేట, నెల్లూరు మీదుగా ఒంగోలు దాకా చెన్నై హైవే, అక్కడినుంచి చీరాల, బాపట్ల, మచిలీపట్నం మీదుగా 216 నంబరు హైవే. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే మధ్యలో టిఫిన్‌కు, భోజనానికి ఆగినా సాయంత్రం వెలుతురులో నరసాపురం చేరవచ్చు. రాత్రికి అక్కడే పడుకొని పొద్దున్నే పంటు ఎక్కడం మేలు. కారు లేనివాళ్లకు తిరుపతి మీదుగా నరసాపురం దాకా రైలు కూడా ఉంది, స్టేషన్ నుంచి ఆటోలో రేవుకు పోవచ్చు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో దారి పెట్టుకుంటే అది మిమ్మల్ని పాలకొల్లు మీదుగా చించినాడ వంతెనకే తిప్పే అవకాశం ఎక్కువ. ఊళ్లోకి వచ్చాక ఫోన్ పక్కన పెట్టి, "పంటు రేవు ఎటండీ?" అని అడగండి. చిన్నపిల్లవాడు కూడా చెయ్యి చూపిస్తాడు.

రేవులో అసలు పని బండి ఎక్కించడం. రోడ్డు నుంచి నీటి దాకా గట్టు వాలుగా దిగుతుంది. సముద్రం దగ్గరే కాబట్టి ఇక్కడ నదికి కూడా ఆటుపోట్లు ఉంటాయి. పోటు మీద నీళ్లు పైకి వస్తే వాలు తక్కువ, పని సులువు. ఆటు మీద నీళ్లు వెనక్కి తగ్గితే అదే వాలు నిటారుగా కనిపిస్తుంది, పైగా ఒండ్రు పట్టి జారుతుంది. కొండ ఘాట్ రోడ్డు మీద ఆరితేరిన చెయ్యి నాది, వాలు చూసి భయపడను. కానీ ఘాట్ రోడ్డు కదలదు. ఇక్కడ దిగి ఎక్కాల్సిన పలక నీళ్ల మీద ఊగుతుంటుంది. మొదట్లో నాకు టెన్షన్‌గానే ఉండేది.

ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ సమంగా పట్టుకొని, నిదానంగా పోవాలి. ముందు చక్రాలు రెండూ పలక మీదికి ఎక్కగానే ఆ పలక తూకం పళ్లెంలా ఒక్క క్షణం కిందికి దిగుతుంది. ఆ దిగడం స్టీరింగులో, సీటులో స్పష్టంగా తెలుస్తుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే బ్రేక్ కొడతారు. కొట్టకూడదు. అదే వేగంతో పోతే పంటు మళ్లీ లేస్తుంది, వెనక చక్రాలు కూడా సాఫీగా ఎక్కేస్తాయి. సగంలో ఆపితే బండి కింద పలక అంచు తగులుతుంది. మరీ కిందికి ఉండే కార్లవాళ్లు పోటు వచ్చేదాకా ఆగడం మంచిది. ఎర్టిగా, ఇన్నోవా లాంటి బండ్లకు ఇబ్బంది లేదు. ఎక్కించే ముందు బండిలో జనాన్ని దించి నడిపించి ఎక్కించండి, బండి తేలికవుతుంది.

పంటు మీద బండ్లను సర్దే మనిషిని చూడటమే ఒక ముచ్చట. లుంగీ మోకాళ్ల పైకి కట్టి, మెడలో తువ్వాలు వేసుకొని పలక పక్కన నిలబడతాడు. నా ముఖం చూడడు. ఆయన చూపంతా నా చక్రాల మీదనే. "రండి బాబూ, రండి, కుడికి కొట్టండి... ఇంకాస్త... చాలు, ఆపండి" అంటూ జానెడు సందులో నా బండిని ఇమిడ్చి, వెంటనే చక్రం కింద చెక్క దిమ్మ తోస్తాడు. కార్లు, సరుకు బండ్లు నడిమధ్య. బైకులు అంచులకు. మనుషులు మిగిలిన చోట. బరువు ఒక పక్కకు చేరితే పంటు ఆ పక్కకు ఒరుగుతుంది కాబట్టి ఎవరిని ఎక్కడ పెట్టాలో ఆయనే తేలుస్తాడు. ఒకసారి కొబ్బరికాయల లోడుతో ఒక ట్రాలీ ఆటో వచ్చింది. ఎడమ పక్క చోటు ఖాళీగా ఉంది. అయినా దాన్ని కుడి పక్కకు పెట్టించాడు, నా బండిని కూడా అర అడుగు కుడికి జరిపించాడు. ఎందుకన్నా అని అడిగితే, "ఎండ కుడి పక్కనుంచి కొడుతోంది కదండీ. పంటు కదలగానే జనమంతా ఎడం పక్క నీడకు వచ్చేస్తారు. వాళ్లకు సరిపడా బరువు ఇటు ఉండాలి" అన్నాడు. గట్టు వదిలాక చూస్తే ఆయన చెప్పినట్టే అయ్యింది. నా బండి నీడలో, ఆటో నీడలో జనం సర్దుకున్నారు, పంటు సమంగా ఉంది. ఎండ ఎటు కొడుతుందో చూసి బరువు సర్దే మనిషి చేతిలో బండి పెట్టాక ఇంక నాకు దిగులు ఎందుకు?

గట్టు వదలగానే పంటు అవతలి రేవు వైపు తిన్నగా పోదు. ఆటు మీద నీళ్లు సముద్రం వైపు లాగుతుంటాయి కాబట్టి సరంగు ముందు ఎగువకు ముఖం పెడతాడు. నది మధ్యకు వచ్చాక ఆ లాగుడే పంటును కిందికి తెచ్చి సఖినేటిపల్లి రేవు ముందు నిలబెడుతుంది. పోటు మీద అయితే అంతా తలకిందులు. సముద్రం నీళ్లను వెనక్కి తోస్తుంది, అందుకని ముఖం దిగువకు పెట్టి బయలుదేరతాడు. ఒకే రేవు నుంచి పొద్దున ఒక దారిలో, సాయంత్రం ఇంకో దారిలో పోతుంటే ఎందుకో అర్థంకాక అడిగాను. ఆ పెద్దమనిషి చుక్కాని వదలకుండానే చెప్పాడు. నీళ్ల మీద సన్నటి ముడతలు లేస్తే కింద ఇసుక మేట ఉన్నట్టట, నున్నగా నల్లగా ఉంటే లోతున్నట్టట. వరద వచ్చిపోయిన ప్రతిసారీ మేటలు చోటు మారతాయి, మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. నాకు అలిపిరి నుంచి కొండ దాకా ప్రతి మలుపూ కళ్లు మూసుకున్నా తెలుసు. ఆయన దారికి ఏటా కొత్త మలుపులు వస్తాయి. ఆ మాట విన్నాక సరంగుల మీద నాకు గౌరవం పెరిగింది.

దాటడానికి నీళ్లను బట్టి పావుగంట, కొంచెం అటూ ఇటూ. ఆ పావుగంటలో ఏం చూడాలి అని అడిగితే నేను నదినే చూడమంటాను. మనం స్వర్ణముఖి ఒడ్డున పెరిగినవాళ్లం. 2021 నవంబర్‌లో వచ్చినట్టు ఎప్పుడో వరద వస్తే తప్ప మన నదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. వసిష్ఠ మధ్యలో నిలబడి చూస్తే అవతలి గట్టు మీద మనుషులు ఆనరు, కొబ్బరి తలలే ఒక ఆకుపచ్చ గీతగా కనిపిస్తాయి. దిగువకు చూస్తే గట్లు రెండూ దూరం జరిగి మధ్యలో ఆకాశం, నీళ్లు కలిసిపోయి ఉంటాయి. సముద్రం అటే. గాలి ఉప్పగా తగుల్తుంది. కొర్లగుంట పెద్దాయన కడ్డీ పట్టుకొని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఇన్ని నీళ్లుంటాయా నాయనా!" అన్నాడు. డెబ్బై దాటిన మనిషి. బోరు వేయించి నీళ్లు పడక రెండు ఎకరాలు అమ్ముకున్న కథ దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాడు. ఆయన నోటినుంచి ఆ మాట వినడానికైనా ఇటు తీసుకురావచ్చు అనిపించింది.

పంటు మీద జనం కూడా చూడదగ్గవాళ్లే. ఇది టూరిస్టుల కోసం నడిపే బోటు కాదు. కాలేజీ పిల్లలు, చేపల గంపలవాళ్లు, ఆసుపత్రి కాగితాలు సంచిలో పెట్టుకున్నవాళ్లు, పెళ్లి సామాన్లు కొనడానికి పోయేవాళ్లు, స్కూలు టీచర్లు. రోజూ దాటేవాళ్లు ఎక్కగానే తమ చోట్లకు పోయి నిలబడతారు. ఒకావిడ నా బండి బంపర్ పక్కన బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చొని లేసు అల్లుతోంది. ఒళ్లో తెల్లదారం ఉండ, చేతిలో కొక్కెం సూది. చూపు నది మీద ఉన్నా వేళ్లు ఆగడం లేదు. పువ్వులో రేకు తర్వాత రేకు, ఒక్కో రేకుకు అన్నే కుట్లు. నరసాపురం లేసు పేరు మీరు వినే ఉంటారు. 2024లో దానికి జీఐ, అంటే ఆ ఊరి సరుకు అన్న భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా బండిలోని అవ్వ ఆమె పక్కనే చతికిలబడింది.

"ఇది ఎన్ని దినాలు అల్లాలమ్మా?"

"ఈ ముక్కయితే రేపటికి అయిపోద్దండి. ముక్కకింత అని ఇస్తారండి మాకు. తమరిది ఏ ఊరండి?"

"తిరపతి."

"స్వామి ఊరేనా అండీ!" అని ఆమె లేసు ఒళ్లో పెట్టేసి రెండు చేతులూ జోడించింది. అవ్వ సంచిలోంచి లడ్డు తీసి సగం తుంచి ఇచ్చింది. దిగేలోపల ఇద్దరూ కోడళ్ల గురించి కూడా మాట్లాడుకున్నారు.

పంటు పాతది. దాన్ని దాచిపెట్టి చెప్పను. రంగు మీద రంగు వేసి, వెల్డింగ్ అతుకుల మీద అతుకులు వేసి నడుపుతున్న ఇనుము అది. రేకు అక్కడక్కడా చక్రాల రాపిడికి నున్నబడి మెరుస్తుంటుంది, తడిగా ఉంటే చెప్పులు జారతాయి. ఇంజను మొదలైనప్పుడు కాళ్ల కింద నుంచి వణుకు పైకి వస్తుంది, డీజిల్ వాసన ఒక్కసారిగా కమ్ముతుంది. ఇంజను పక్కన నిలబడితే మాట వినిపించదు. ముందు వైపుకు పోతే అంత శబ్దం ఉండదు. నాకు ఆ పాతదనం ఇబ్బందిగా అనిపించలేదు. లోహం పాతబడినా దాన్ని ఆడించే చేతులు ఎప్పటికప్పుడు పనిలో ఉన్నాయి. గట్టుకు చేరేటప్పుడు ఇంజను వేగం తగ్గించి, పలక గట్టును తాకీ తాకకుండా ఆపుతారు. నా బండిలో నిద్రపోతున్న పిల్లవాడు లేవలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఎండాకాలం మధ్యాహ్నం రేవులో ఎదురుచూడటం ముసలివాళ్లకు కష్టం. నీడ చాలదు. పంటు నిండేదాకా ఆగాల్సి వస్తుంది కాబట్టి నీళ్ల సీసా, గొడుగు దగ్గర పెట్టుకోండి. రేవుకు పోకముందే ఊళ్లోనే బాత్రూం పని చూసుకోండి, ముఖ్యంగా ఆడవాళ్లు. బండ్లను దగ్గర దగ్గరగా పెడతారు కాబట్టి ఎక్కించాక తలుపు పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. అందుకే జనాన్ని ముందే దించమన్నాను. టికెట్ విషయం ఒకటి. ఇలాంటి రేవులను వేలంపాటలో పాడుకున్నవాళ్లు నడుపుతారు, పాట మారినప్పుడు ధరలూ మారతాయి. కాబట్టి నేను అంకె రాస్తే రేపు అది తప్పవుతుంది. మనిషికి, బైకుకు, కారుకు వేరువేరుగా ఉంటుంది. బోర్డు చూసి, చిల్లర చేతిలో పెట్టుకొని, టికెట్ అడిగి తీసుకోండి. కారుకు ఇచ్చేది చుట్టూ తిరిగితే అయ్యే డీజిల్ కంటే నాకు తక్కువే పడింది.

ఆ చుట్టు ఎంత అంటారా? నరసాపురం నుంచి పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం మీదుగా సఖినేటిపల్లికి ముప్పై నలభై కిలోమీటర్లు. రోడ్డు బాగానే ఉంటుంది, దారి పొడుగునా కొబ్బరితోటలు. తిరుగు ప్రయాణంలో నేను ఆ దారిన కూడా వస్తుంటాను, దిండి దగ్గర ఆగి టీ తాగడం బాగుంటుంది. కానీ పోయేటప్పుడు మాత్రం పంటే. అంతర్వేదికి పోతున్నామంటే వసిష్ఠ సముద్రంలో కలిసే చోటికి పోతున్నామని అర్థం. ఆ నది మీదనే దాటి పోవడంలో ఒక క్రమం ఉంది. సఖినేటిపల్లిలో దిగాక అంతర్వేదికి అరగంట. గుడి, అశ్వరూఢాంబిక అమ్మవారి గుడి, నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు, లైట్‌హౌస్ అన్నీ పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అవుతాయి. 2020 సెప్టెంబర్‌లో స్వామి రథం కాలిపోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో కొత్త రథం వచ్చింది, దాన్ని చూసి రండి. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రోజుల్లో రేవు కిటకిటలాడుతుంది, కారుతో పోవడం నేను సలహా ఇవ్వను. అప్పుడు బండి నరసాపురంలో పెట్టి, మనుషులుగా దాటి, అవతల ఆటోనో బస్సో ఎక్కడం తేలిక.

చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు రేవులో ఎదురుచూసే సమయం వృథా కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఈ మాధవాయిపాలెంలో గుడ్డల వ్యాపారం పెట్టింది. ఆ రోజుల్లో నరసాపురం ఓడలు కట్టే చోటుగా కూడా పేరుపడింది. ఇప్పుడు కాలేజీ పిల్లలు బైకులతో నిలబడే ఈ గట్టుకు అంత పాత కథ ఉంది. అది చెప్పే బోర్డు ఒకటి పెడితే ఎంత బాగుంటుంది!

ఇక భద్రత. దీని గురించి నేను గట్టిగానే మాట్లాడతాను. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు ఎంతమంది పోయారో మనకందరికీ తెలుసు. అది వేరే రకం బోటు, వేరే చోటు, కొండల మధ్య సుడులున్న నీళ్లు. అయినా నీళ్ల మీదికి పోయే ప్రతివాడూ దాన్ని మనసులో పెట్టుకోవాలి. నా బండిలో ఎక్కినవాళ్లకు నేను పెట్టే నియమాలు ఇవి. పంటు కదిలినంతసేపూ ఎవరూ కారులో కూర్చోకూడదు. నడవలేని ముసలివాళ్లు కూర్చోక తప్పకపోతే అద్దాలన్నీ పూర్తిగా దించాలి, సీటు బెల్టు పెట్టుకోకూడదు, తలుపులు లాక్ వేయకూడదు, పక్కన ఒక మనిషి ఉండాలి. ఇంజను ఆపి, గేర్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగాలి. పిల్లల చెయ్యి పెద్దవాళ్లు వదలకూడదు. కడ్డీల మీదికి ఎక్కి ఫొటోలు దిగకూడదు. లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి, సిగ్గుపడకండి. నేను అడుగుతాను. అందరూ అడగడం మొదలుపెడితే ప్రతి రేవులోనూ అవి చేతికందే చోటే ఉంటాయి. పంటు ఎక్కువ నిండినట్టు అనిపిస్తే తర్వాతి దానికి ఆగండి. దర్శనానికి గంట ఆలస్యమైతే స్వామి ఏమీ అనుకోడు.

చీకటి పడ్డాక కారుతో దాటవద్దని కూడా నా మాట. మేటలు చూసుకోవడానికి సరంగుకు వెలుతురు కావాలి, మనకు నది చూడటానికి కూడా.

ఐదుకు ఎంత ఇస్తావు అంటే నాలుగు. నీడ, బాత్రూం, గట్టు వాలు బాగుచేస్తే ఆ ఒకటి కూడా ఇచ్చేస్తాను. బండ్లు సర్దే మనిషికీ సరంగుకూ మాత్రం ఐదుకు ఐదు.

ఇంత ఇష్టంగా రాసినవాడు వంతెన వద్దంటాడేమో అనుకోకండి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వంతెన కావాలని ఆ జనం ఏళ్ల తరబడి అడుగుతున్నారు. వాళ్లు అడగడం న్యాయం. పంటు మీద నా పక్కన నిలబడ్డ ఒకాయన, రాత్రి పూట పురిటి నొప్పులొస్తే ఏం చెయ్యాలండీ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మనం ఏడాదికొకసారి పోయి ముచ్చటపడేది వాళ్లకు రోజూ తప్పని ప్రయాణం. వంతెన రావాలి. వచ్చినా పంటు ఒకటి ఉంచితే, నాలాంటివాళ్లు దానికే పోతారు.

పోవాలనుకునేవాళ్లు కాలం చూసుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అన్నింటికంటే మేలు. ఎండ తగ్గుతుంది, నది నెమ్మదిగా ఉంటుంది. జూలై, ఆగస్టు, సెప్టెంబర్లలో గోదావరికి వరదలు. బయలుదేరే ముందు ధవళేశ్వరం దగ్గర వరద ప్రవాహం ఎంతుందో వార్తల్లో చూడండి. అక్కడ 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. వరద పెరిగితే పంటు ఆపేస్తారు, ఆపాలి కూడా. వార్తల్లో మొదటి హెచ్చరిక అన్న మాట వినిపించిందంటే రేవు వైపు తిరగకుండా నేరుగా చించినాడ దారి పట్టండి. అంతర్వేదిలో లంకలు మునిగేంత నీళ్లుంటే ఆ బాడుగే వాయిదా వేయమని నేను మా వాళ్లకు చెబుతాను, అడ్వాన్సు వెనక్కి ఇచ్చేస్తాను.